ఇరవై ఒకటికి నేను రెడీనా? పర్లాకిమిడి నుంచి నా అనుభవం

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. ఫుల్ మారథాన్ 42.195లో సరిగ్గా సగం. పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తడం వచ్చాక చాలామందికి తర్వాత మనసు పోయేది దీని మీదకే. నాకూ పోయింది. వెంటనే ఇంకో ప్రశ్న పట్టుకుంది: నేను రెడీ అయ్యానని నాకెలా తెలుస్తుంది? నెట్‌లో చూస్తే పన్నెండు వారాల ప్లాన్లు, పదహారు వారాల ప్లాన్లు బోలెడు ఉన్నాయి. కానీ ఈ ఏడాదే పేరు ఇవ్వాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ఏ ప్లానూ చెప్పదు. అది తేల్చుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. నలభై దాటిన ఆడవాళ్ళకీ, కోచ్ అంటూ ఎవరూ లేని చిన్న ఊళ్ళలో పరిగెత్తేవాళ్ళకీ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బజార్లో రెండూ. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. తెల్లవారుజామున ఇంటి దగ్గర బయల్దేరి పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ గుడి దాకా పోయి వెనక్కి వస్తే ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు. ఒడిశాలో మొదలుపెట్టి, ఆంధ్రలో దండం పెట్టుకుని, మళ్ళీ ఒడిశాకి రావడం అన్నమాట. అటు వాళ్ళు టీచరమ్మా అంటారు, ఇటు వాళ్ళు దీదీ అంటారు. మొదట్లో ఆపి మరీ "ఏమైందమ్మా, ఎవరికైనా బాగోలేదా?" అని అడిగేవారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

గాజువాకలో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు మొదలైంది ఈ మాట. "అక్కా, వైజాగ్‌లో నేవీ మారథాన్ ఉంది కదా, ఈ మధ్య డిసెంబర్లోనే పెడుతున్నారు. ఈసారి ఇద్దరం ఇరవై ఒకటికి పేరిచ్చేద్దాం" అన్నాడు. "చూద్దాంరా" అన్నాను. వాడు దాన్ని సరే అనుకున్నాడు. నేను నిజంగానే చూద్దామని అన్నాను.

ఒడిశాలో దూరపు పరుగు అనగానే ఎవరో ఒకరు బుధియా సింగ్ పేరు ఎత్తుతారు. 2006 మేలో, నాలుగేళ్ళ పిల్లాడు, పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఏడు గంటల పైనే. టీవీల్లో దేశమంతా చూసింది. తర్వాత వైద్య పరీక్షలు జరిగాయి, పిల్లాడి ఒంటి మీద పడిన భారం చూసి ప్రభుత్వం ఆ దూరపు పరుగులు ఆపించింది. మా స్టాఫ్ రూమ్‌లో ఒక సారు నాకు ధైర్యం చెబుదామనే, "నాలుగేళ్ళ వాడు అరవై అయిదు పరిగెత్తాడు, మీకు ఇరవై ఒకటి ఎంత మేడమ్?" అన్నారు. నాకు మాత్రం ఆ ఉదంతం తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. మనిషి ఎలాగోలా దూరం లాగించేయగలడు. ఆ లాగించడంలో లోపల ఏం దెబ్బతింటోందో చూసేవాళ్ళకి తెలియదు, ఒక్కోసారి పరిగెత్తేవాళ్ళకీ తెలియదు. అందుకే ఆ రోజే ఒకటి అనుకున్నాను. దూరం పూర్తి చేయగలనా అని కాదు, పూర్తి చేసిన మర్నాడు మామూలు మనిషిలా నా పని నేను చేసుకోగలనా అని చూడాలి. చేసుకోగలిగితేనే పేరు ఇస్తాను.

మొదటి అడుగు డాక్టరు దగ్గరికి. నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఇది దాటవేయకండి. ఆవిడ బీపీ చూశారు, ఈసీజీ తీయించారు. పరిగెత్తుతున్నప్పుడు ఛాతీలో బరువుగా ఉంటుందా, కళ్ళు తిరిగాయా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నారా అని ఒక్కొక్కటే అడిగారు. నెలసరి ఎక్కువగా అవుతుందా అనీ అడిగారు. అవును, రెండు మూడేళ్ళుగా ఎక్కువే. దానికీ పరుగుకీ ఏం సంబంధం అనుకున్నాను గానీ రక్తపరీక్ష కాగితం చూశాక అర్థమైంది. హిమోగ్లోబిన్ 10.2.

ఆడవాళ్ళకి 12 కన్నా తక్కువుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మంది ఆ గీతకి కిందే ఉన్నారు. అంటే పరుగు మొదలుపెట్టిన ఆడవాళ్ళలో సగం మందికి పైగా ఇది ఉండొచ్చు, తెలియకుండా. కండరాలకి ఆక్సిజన్ మోసుకెళ్ళేది హిమోగ్లోబినే. అది తక్కువైతే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలి. గుమ్మ వైపు రోడ్డు కొండలెక్కుతుంది కదా, ఆ ఎత్తులో నాకు ఆయాసం ఎందుకంత వస్తోందో, పరిగెత్తి వచ్చిన రోజు మధ్యాహ్నం క్లాసులో ఎందుకు కుర్చీ వెతుక్కుంటున్నానో అప్పుడు తెలిసింది. వయసు అనుకుని సరిపెట్టుకున్నానన్నమాట అన్నాళ్ళూ.

ఇంకో పరీక్ష కూడా రాశారు, సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే వంశపారంపర్య జబ్బు. మా దక్షిణ ఒడిశాలో అది ఎక్కువ. దాన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టిన సంగతి ఇక్కడి వాళ్ళకి తెలుసు. జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒక్కటి ఉన్నవాళ్ళు మామూలుగా బాగానే ఉంటారు, చాలామందికి ఉందనే తెలియదు. కానీ ఎండలో, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో శక్తికి మించి పరిగెడితే వాళ్ళకి ప్రాణం మీదకి వచ్చే ప్రమాదం ఉంది. పరిగెత్తకూడదని కాదు, తెలుసుకుని జాగ్రత్తగా పరిగెత్తాలని. నాకు లేదు. అయినా మా వైపు దూరపు పరుగు మొదలుపెట్టే ప్రతివాళ్ళూ చేయించుకోవాల్సిన పరీక్ష ఇది.

"ఇప్పుడు ఇరవై ఒకటి మాట వద్దు. ఎనిమిది పరిగెడుతున్నారుగా, అదే మెల్లగా చేసుకోండి. ముందు రక్తం పట్టనివ్వండి" అన్నారు డాక్టరమ్మ. ఐరన్ మాత్రలు, నెలసరికి వేరే మందు. ఐరన్ మాత్ర పరగడుపున నిమ్మరసంతో వేసుకుంటే బాగా వంటబడుతుంది. టీతో వేసుకుంటే వేసుకున్నది చాలామటుకు వృథా. మా ఇంట్లో పొద్దున్నే టీ లేకుండా కదలరు. అందుకని మాత్ర వేసుకున్న గంటన్నర దాకా నా గ్లాసు పొయ్యి దగ్గరికి పోకుండా చూసుకోవడమే ఒక పెద్ద పని అయింది. ఇంకొకటి కూడా చెప్పారు. హిమోగ్లోబిన్ మామూలుకి రాగానే మాత్రలు ఆపేయకూడదు, ఒంట్లో ఐరన్ నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. ఎండాకాలమంతా అలా గడిచింది. దూరం ఒక్క కిలోమీటరు కూడా పెంచలేదు. జులైలో మళ్ళీ చూపిస్తే 12.6. అదే ఎత్తు, అదే వేగం, ఆయాసం మాత్రం లేదు.

ఆగస్టు 29న మా స్కూల్లో రెండు వేడుకలు. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి జాతీయ క్రీడా దినం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కాబట్టి తెలుగు భాషా దినం. ఆయన ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే, ఆ సంగతి మాకు ఎప్పటికీ గర్వమే. ఆ రోజు పొద్దున్నే పది కిలోమీటర్లు టైము చూసుకుని గట్టిగా పరిగెత్తాను. 72 నిమిషాలు.

ఆ టైము ఎందుకంటే, పీటర్ రీగల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ఒక సూత్రం రాశాడు. ఒక దూరంలో మన టైము తెలిస్తే ఇంకో దూరంలో ఎంత పడుతుందో అంచనా కట్టొచ్చు. రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి మన టైముతో హెచ్చవేయాలి. పది నుంచి హాఫ్‌కి అయితే ఆ అంకె సుమారు 2.2 వస్తుంది. 72ని 2.2తో హెచ్చవేస్తే 158 చిల్లర, అంటే రెండు గంటల నలభై నిమిషాల లోపు. మామూలుగా హాఫ్‌లకి మూడు గంటలో, మూడున్నరో గడువు పెడతారు. మూడు గంటలే అనుకున్నా కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు చేతిలో ఉన్నట్టు. వేగం గురించి బెంగ ఆ రోజుతో పోయింది. కానీ ఈ సూత్రంలో ఒక షరతు దాగి ఉంది, అది పిల్లలకి చెప్పినట్టు చెబుతాను: ఆ పెద్ద దూరానికి తగ్గ సాధన చేసిన మనిషికే ఈ లెక్క వర్తిస్తుంది. పది మాత్రమే పరిగెత్తే కాళ్ళు పదిహేనో కిలోమీటరులో ఏం చేస్తాయో దీనికి తెలియదు.

అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు పరుగు, అందులో ఒకటి పొడుగుది. పొడుగు పరుగు వారం వారం కిలోమీటరు, కిలోమీటరున్నర పెంచుతూ, నాలుగో వారం తగ్గించేదాన్ని. తగ్గించే వారం చాలామంది ఎగ్గొడతారు, బాగానే ఉన్నాను కదా అని. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకీ, కండరాన్ని ఎముకకి కలిపే నరాల్లాంటి పట్టీలకీ నెలలు కావాలి. ఊపిరి బాగుంది కదా అని కాళ్ళ మీద భారం పెంచేస్తే దెబ్బలు తగిలేది అక్కడే.

వేగం సంగతి. పొడుగు పరుగు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా ఉండాలని అందరూ రాస్తారు. నాతో మాట్లాడటానికి ఎవరూ రారు. అందుకని ఎక్కాలు చదివేదాన్ని, పైకే. పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళ ముప్పై నాలుగు. ఒక వరస మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. పదిహేడో ఎక్కం చివరి దాకా తొణక్కుండా వస్తే సరిగ్గా ఉన్నట్టు. కిలోమీటరుకి ఎనిమిది నిమిషాల దగ్గర నాకది కుదిరింది. కుక్కలు ఉన్నచోట ఎక్కం గట్టిగా చదివితే అవి కూడా దూరం జరుగుతాయి, ఇది అదనపు లాభం.

అక్టోబరు మా వైపు నమ్మదగ్గ నెల కాదు. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే, గజపతి జిల్లాని ఎంత దెబ్బకొట్టిందో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఈసారి తుఫాను రాలేదు గానీ వాయుగుండం వానలు పట్టుకున్నాయి. వానల తర్వాత మళ్ళీ రోడ్డెక్కిన వారంలో ఎడమ కాలు మొదలుపెట్టింది. మోకాలికీ చీలమండకీ మధ్య ముందు ఎముక, దాని లోపలి అంచు. మొదటి కిలోమీటరులో సలుపు, మూడో కిలోమీటరుకి పోవడం, ఇంటికొచ్చాక మళ్ళీ.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, రెడీనా కాదా అన్నది తేలేది ఇలాంటి చోటే కాబట్టి. సాయంత్రం అరుగు మీద కూర్చుని, కాలు చాపి, బొటనవేలితో ఆ అంచు వెంబడి పైనుంచి కిందకి కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ వచ్చాను. నొప్పి ఒక జానెడు పొడుగునా పరుచుకుని ఉందా, లేక ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, నొక్కగానే ప్రాణం జివ్వుమనేలా ఉందా? పరుచుకుని ఉంటే ఎముక మీది పొర, దానికి అంటుకున్న కండరం విసిగిపోయినట్టు. భారం తగ్గిస్తే తగ్గుతుంది. ఒక్క బిందువు దగ్గర అయితే, పైగా రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే, ఎముకలో సన్నటి చీలిక పడి ఉండొచ్చు. అది పరిగెత్తి పోగొట్టుకునేది కాదు, ఎముకల డాక్టరు చూడాలి. అప్పుడు హాఫ్ ఆలోచన ఆ ఏడాదికి కట్టిపెట్టాల్సిందే. నాది జానెడు పొడుగునా పరుచుకున్నదే. రాత్రి నిద్ర బాగానే పట్టింది. అయినా పరుగు ఆపేశాను. నడక మాత్రమే. నడిస్తే నొప్పి లేదు అనిపించాక, ఆ ఒక్క కాలి మీద గెంతి చూశాను. గెంతినా ఏమీ లేదు అనిపించాకే మళ్ళీ మొదలుపెట్టాను, అదీ తారు రోడ్డు మీద కాదు, మహేంద్రతనయ ఒడ్డున మట్టి దారిలో. బూట్లు కూడా మార్చేశాను. అయిదు నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగాక బూట్లలో మెత్తదనం పోతుంది. పైన కొత్తగానే కనిపిస్తాయి, కింద అయిపోయి ఉంటాయి.

ఆ పోయిన వారాలు నన్ను కలవరపెట్టలేదంటే అబద్ధం. లెక్క ప్రకారం అప్పటికి పదహారు దాకా రావాలి. ఇంకా పదమూడు దగ్గరే ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేసి, "వచ్చే వారం ఒకేసారి పదహారు కొట్టేయ్ అక్కా" అన్నాడు. కొట్టలేదు. పోయిన వారాలు పోయినట్టే. వాటిని వెనక్కి లాక్కోవాలని చూసేవాళ్ళే ఎక్కువగా దెబ్బలు తగిలించుకుంటారు. పద్నాలుగు, పదిహేనున్నర, ఇలాగే వెళ్ళాను.

ఈలోగా కార్తీకం వచ్చింది. సోమవారాలు ఉపవాసం, రాత్రి నక్షత్ర దర్శనం అయ్యాకే భోజనం. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు. నా పొడుగు పరుగేమో ఆదివారం. రెండు గంటలు పరిగెత్తాక కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న పిండిపదార్థం చాలామటుకు ఖర్చయిపోతుంది. సరిగ్గా తింటే మళ్ళీ నిండడానికి ఒక రోజు పడుతుంది. సరిగ్గా ఆ రోజే నేను తిననన్నమాట. మా అత్తయ్యకి ఈ లెక్కలేవీ చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది. "ఉపాసం ఉండి పరిగెట్టకూడదు, పరిగెట్టి ఉపాసం ఉండకూడదు. ఏదో ఒకటి ఒగ్గేయే" అంది. ఏదీ ఒగ్గేయబుద్ధి కాలేదు. మా స్కూలుకి శనివారం సెలవే కాబట్టి పొడుగు పరుగు శనివారానికి మార్చాను. ఆదివారమంతా అన్నం, పప్పు, దుంపలు, చోడి అంబలి అన్నీ కడుపునిండా. సోమవారం పరుగు లేదు, నీళ్ళు మాత్రం మానలేదు, పాలు, పళ్ళు తీసుకున్నాను. మంగళవారం తేలికపాటి పరుగు. అత్తయ్య చూసి ఊరుకుంది, అంటే ఒప్పుకున్నట్టే. షుగరు ఉన్నవాళ్ళు, మాత్రలు వాడేవాళ్ళు మాత్రం ఇలా చేయకండి. వాళ్ళు డాక్టర్ని అడిగి తీరాలి.

తిండి కూడా రెడీ కావాలి, ఇది చాలామంది పట్టించుకోరు. గంటన్నర దాటే పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తే కాళ్ళు తేలిపోకుండా ఉంటాయి. జెల్ ప్యాకెట్లు మా ఊళ్ళో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించినది నా కడుపుకి పడలేదు. బెల్లం, ఖర్జూరం పడ్డాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం కలిపి, పాతపట్నంలో గుడి దగ్గర టీ కొట్టు ఆయన దగ్గర ముందు రోజే ఒక సీసా పెట్టించేదాన్ని. ఉత్త నీళ్ళే అదే పనిగా తాగడం కూడా మంచిది కాదు. రక్తంలో సోడియం మరీ పలచబడితే తలనొప్పి, వాంతి, మగత, ఇంకా ముదిరితే ఫిట్సు కూడా. దాహం వేసినప్పుడు తాగడం, చెమట బాగా పడితే ఉప్పు ఉన్నది తాగడం, నేను పాటించింది ఇదే. బట్టలు ఒరుసుకునే చోట ముందే కొబ్బరినూనె రాసుకోవాలి. ఆడవాళ్ళకి మంచి స్పోర్ట్స్ బ్రా బూట్లంత ముఖ్యం. దారిలో బాత్రూమ్ ఎక్కడ అన్నది కూడా ముందే చూసుకోవాలి, మాకు పెట్రోలు బంకే దిక్కు.

చివరి పరీక్షగా పద్దెనిమిది పెట్టుకున్నాను. ఇరవై ఒకటి సాధనలోనే పరిగెత్తి చూసుకోవచ్చు కదా అని మా ఆయన అడిగారు. మొదటిసారి పరిగెత్తేవాళ్ళ ప్లాన్లలో చాలావాటిలో పొడుగు పరుగు పదహారు, పంతొమ్మిది మధ్యలోనే ఆగుతుంది. ఆ ఆఖరి రెండు మూడు కిలోమీటర్ల వల్ల కొత్తగా వచ్చే బలం తక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ.

శనివారం నాలుగుంపావుకి బయల్దేరాను. స్ట్రీట్ లైట్లు ఉన్నంతసేపూ ఊళ్ళోనే తిరిగి, కాస్త వెలుగొచ్చాక పాతపట్నం రోడ్డు పట్టుకున్నాను. చలి మొదలైంది, గాలిలో పొగమంచు. పది దాకా పదిహేడో ఎక్కం. గుడి దగ్గర కొట్టాయన సీసా ఇచ్చి, "టీచరమ్మా, ఇయ్యాల ముఖం తేటగా ఉంది" అన్నాడు. పద్నాలుగు దగ్గర బెల్లం ముక్క. పదిహేను తర్వాత తొడలు బరువెక్కాయి, ఎక్కం పదిహేడు నుంచి పన్నెండుకి దిగింది, కానీ మధ్యలో తెగలేదు. నేను చూడదలుచుకున్నది చివరి మూడు కిలోమీటర్లే. యాప్‌లో చూస్తే మొదటి మూడింటికీ, చివరి మూడింటికీ కిలోమీటరుకి పదిహేను, ఇరవై సెకన్ల తేడా. అడుగు పడటంలో కుంటు లేదు, ఎడమ కాలు ఊసెత్తలేదు. ఇంటికొచ్చాక ఇంకో మూడు చేయమంటే చేయగలనా అని నన్ను నేను అడిగాను. ఇష్టంగా కాదు, కానీ చేయగలను.

అసలు సమాధానం మర్నాడు పొద్దున మేడ మెట్లు దిగేటప్పుడు వచ్చింది. రెయిలింగు పట్టుకోలేదు. తొడల్లో, పిక్కల్లో రెండు వైపులా సమానంగా ఒళ్ళునొప్పి, అంతే. ఒక్క చోటే పొడిచే నొప్పి ఎక్కడా లేదు. రాత్రి నిద్ర పట్టింది, ఆకలి బాగా వేసింది. పొద్దున లేవగానే పడక మీదే నాడి చూసుకునే అలవాటు చేసుకున్నాను, అది రోజూ ఉండేదానికన్నా పెరగలేదు. సోమవారం ఉపవాసంలోనే క్లాసులన్నీ నిలబడి చెప్పాను, కుర్చీ గుర్తుకు రాలేదు. సంక్రాంతికి ముందు పది పరిగెత్తినందుకే మధ్యాహ్నం కూలబడిపోయిన మనిషిని నేనే.

ఆ సోమవారం సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. "పేరు ఇచ్చెయ్యరా" అన్నాను.

"ఇప్పుడా? పద్దెనిమిది నిన్నగాక మొన్న చేశావు కదా, ఆ రోజే చెప్పొచ్చు కదక్కా."

"ఇవాళ్టి దాకా చూడాలి కదరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడికి ముప్పై రెండేళ్ళు, మర్నాటి సంగతి వాడి కాళ్ళు ఇంకా అడగడం లేదు.

పేరు ఇచ్చినా, నాకు నేను కొన్ని షరతులు పెట్టుకున్నాను. అవి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను, ఆ రోజు నేను మొండికేస్తే వాళ్ళు ఆపాలి కాబట్టి. ఆ వారంలో జ్వరం వస్తే పరిగెత్తను. మా జిల్లాలో జ్వరం అంటే ముందు మలేరియా పరీక్ష. మలేరియా కాకపోయినా, వైరల్ జ్వరంతో పరిగెడితే గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. ఎడమ ఎముక మీద ఒక్క చోట నొప్పి తేలితే పరిగెత్తను. దారిలో ఛాతీలో పట్టేసినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి వాలంటీర్లని పిలుస్తాను, కట్టిన డబ్బులు, వేసుకున్న టీషర్టు ఆలోచించను. వైజాగ్ బీచ్ రోడ్డులో ఎత్తుపల్లాలు ఉన్నాయి, పైగా సముద్రపు గాలిలో చెమట ఆరదు. కాబట్టి మొదటి పది కిలోమీటర్లు ఇక్కడికన్నా నెమ్మదిగానే. తమ్ముడితో కలిసి పరిగెత్తను, వాడి వేగం వాడిది.

ఇప్పుడు తగ్గింపు వారాలు నడుస్తున్నాయి. చివరి రెండు వారాలు దూరం తగ్గించాలి. రోజులు మాత్రం అవే ఉంచాలి, కొంచెం చురుకు కూడా ఉంచాలి. పోయిన శనివారం పన్నెండు చేశాను, ఈ శనివారం ఎనిమిది, అంటే నా పాత గుడి దారే. ఖాళీగా ఉన్నట్టనిపించి ఇంకో రెండు కొడదామని మనసు పీకుతోంది. పీకనివ్వండి అని ఊరుకుంటున్నాను. కొత్త బూట్లు, కొత్త బట్టలు, కొత్త తిండి ఏవీ ఆ రోజుకి లేవు. అవే బెల్లం, ఖర్జూరం, అదే ఓఆర్‌ఎస్.

గుణుపూరు నుంచి మా ఊరి మీదుగా విశాఖ వెళ్ళే రైలుకి వెళ్తున్నాం. మా అత్తయ్య కూడా వస్తానంది. మార్గశిర మాసం కదా, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని చూసి చాలా ఏళ్ళయిందట, గురువారమే చూడాలట. నేను బుధవారం నుంచి స్కూలుకి లీవు పెట్టాను. మార్గశిర గురువారం ఆ క్యూలో గంటల తరబడి నిలబడాలి, అది నా కాళ్ళకి ఆ వారం పనికిరాదు. అందుకని ఆవిడతో మా మరదలు వెళ్తుంది. నేను గాజువాకలో ఇంట్లోనే ఉంటాను. పరుగు అయ్యాక, సోమవారం పొద్దున మెట్లు బాగా దిగగలిగితే, అత్తయ్యతో సింహాచలం వెళ్దామని అనుకున్నాం.